వెనక గుమ్మం

ఆడవాళ్ళ లాకప్పు గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ కాపలా కానిస్టేబులమ్మ ఆక్రమించుకుని కునుకు తీస్తోంది. అందుచేత జిడ్డు మేడమ్ తన మోకాళ్ళని తిట్టుకుంటూ నేలమీదే చతికిలబడింది.

ఆ పేరు ఆవిడకి పోలీసు డిపార్టుమెంటు పెట్టింది. అడిగిన ప్రశ్ననే తిప్పి తిప్పి అడిగి ఎదుటివాడి ప్రాణం తోడేస్తుందనీ, పట్టుకుంటే సబ్బు పెట్టి రుద్దినా వదలదనీ, కొలువులో చేరిన కొత్తలో ఎవడో అన్నాడు. అది కాస్తా అతుక్కుపోయింది. ఇప్పుడు ఆవిడ రిటైరై లాయర్ల తరఫున కేసులు తవ్వుకుంటోంది గానీ పేరు మాత్రం రిటైరు కాలేదు.

ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నది మడతల పిల్ల. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో, ఇస్త్రీ చేసే వేడి డ్రమ్ము కిందనుంచి వచ్చే దుప్పట్లని మడతపెట్టడం ఆమె పని. మొన్న సాయంత్రం ఆ లాండ్రీ మేనేజరు డ్రమ్ము పక్కనే తల పగిలి పడి ఉన్నాడు. డ్రమ్ము ఇరుక్కుపోయినప్పుడు తిప్పే మూరెడు ఇనప పిడి మాయమైంది. మర్నాడు లాండ్రీ గోడ బయట, కాలవ గట్టు మీది పొదల్లో అది దొరికింది. దాని మీద ఈ పిల్ల వేలిముద్రలున్నాయి. చావుకి కాస్త ముందు డ్రమ్ము ఇరుక్కుని ఇద్దరికీ మాటా మాటా అయిందని అక్కడున్నవాళ్ళందరూ చెప్పారు. అన్నిటికీ మించి ఆమె ఏటవతలి మనిషి. ఇన్‌స్పెక్టరుకి ఇంతకంటే ఏం కావాలి?

ఏటవతలివాళ్ళంటే రెండు తరాల కిందట ఏటికి ఆవలి ఒడ్డునుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. మనవలు కూడా ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకున్నా, ఊరి దృష్టిలో మాత్రం నిన్న సాయంత్రం పడవ దిగినవాళ్ళే. ఎక్కడైనా సైకిలు పోతే పోలీసులు ముందు వాళ్ళ కాలనీకే వెళ్తారు. వెళ్ళాక ఏదో ఒకటి దొరక్కపోదు కదా.

నాలుగింటికి మడతల పిల్లని జడ్జి ముందు నిలబెట్టాలి. రిమాండు పడితే ఆమె ఎనిమిది నెలల బిడ్డని శిశు సంక్షేమం వాళ్ళు అనాథ శరణాలయానికి తీసుకుపోతారు. వాళ్ళ అధికారిణి ఒకావిడ నిన్ననే ఇంటికొచ్చి, పాలు తాగే బిడ్డని వదిన మీద పారేసి మగాళ్ళ మధ్య పనికి పోయే తల్లి అసలేం తల్లి అని నలుగురూ వినేలా అడిగిపోయిందట. వదిన డబ్బాపాలు పడుతోంది. బిడ్డ కక్కుతోంది. ఇక్కడ తల్లి జాకెట్టు తడిసి, ఆరి, మళ్ళీ తడుస్తోంది. రెండు చేతులూ గుండెల మీద బిగించుకుని కూర్చున్న ఆ పిల్లని చూస్తుంటే జిడ్డు మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండాలో తెలియక ఆ మంటని ప్రశ్నల్లోకి మళ్ళించింది.

"బెల్లు కొట్టాక ఏం చేశావు?"

"ఇంటికెళ్ళానమ్మా."

"బెల్లుకీ ఇంటికీ మధ్యలో?"

"ఏముందమ్మా, అందరూ వెళ్ళినట్టే వెళ్ళాను."

"అందరూ ఎలా వెళ్తారు?"

ఇన్‌స్పెక్టరు కూడా ఇంత సతాయించలేదన్నట్టు ఆ పిల్ల విసుగ్గా చూసింది. "లైనులో నించుని."

"ఇంటికెళ్ళడానికి లైనెందుకు?"

"జుట్టు విప్పాలి కదమ్మా. టైం పడుతుంది."

జిడ్డు మేడమ్ ముందుకి జరిగింది. జుట్టెందుకు విప్పాలి అని చాలా మామూలుగా, కూర ఏం వండావని అడిగినట్టు అడిగింది. ఆ పిల్ల అంతే మామూలుగా చెప్పుకుపోయింది. ఏటవతలివాళ్ళు వెనక గుమ్మంలోంచి వెళ్ళాలి. మగవాళ్ళకొక గది, ఆడవాళ్ళకొక గది. చెప్పులు విప్పించి, జుట్టు విప్పించి, చీర కుచ్చిళ్ళు తీయించి, జాకెట్టులో చెయ్యి పెట్టి చూస్తారు. దుప్పట్లు, తువ్వాళ్ళు పట్టుకుపోతారని. ఊరివాళ్ళని చూడరు. వాళ్ళది ముందు గుమ్మం.

"మొన్న కూడా చూశారా?"

"చూడకపోతే గేటు తియ్యరు కదమ్మా."

"ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు. రోజూ జరిగేదే కదా." మళ్ళీ తనే అంది: "పొద్దున మొహం కడుక్కున్నానని కూడా చెప్పలేదు."

జిడ్డు మేడమ్ లేచి నిలబడింది. మోకాళ్ళు గుర్తు రాలేదు. బట్టలు విప్పించి చూసినవాళ్ళకి ఒక్క చేతిరుమాలు కూడా దొరకలేదంటే, మూరెడు ఇనప పిడి ఈ పిల్ల ఒంటిమీద బయటికెలా పోయింది? ఆ లాండ్రీలో పిడి తీసుకుపోలేదని రుజువున్నది ఎవరికయ్యా అంటే, రోజూ దొంగల్లా చూసి పంపే ఈ ఏటవతలివాళ్ళకే.

వెళ్ళబోతుంటే ఆ పిల్ల వెనకనుంచి పిలిచింది. ఇన్‌స్పెక్టరుగారు తనని ఏడవమన్నారట. ఆడదానివై ఉండి రెండు రోజులుగా కంటతడి పెట్టలేదు, జడ్జిగారు చూస్తే ఏమనుకుంటారు అన్నారట. ఏడుపు రావడం లేదు, ఏం చెయ్యాలి అని అడిగింది. జిడ్డు మేడమ్ కానిస్టేబులమ్మని తట్టి లేపి తలుపు తీయించుకుంది.

*

లాండ్రీ ముందు గుమ్మానికి అద్దాల తలుపు, కాళ్ళు తుడుచుకునే పట్టా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు అప్పటికే అక్కడ యజమానితో కూర్చుని టీ తాగుతున్నాడు. జిడ్డు మేడమ్ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆవిడని చూడగానే లేచి, అలవాటు కొద్దీ కుర్చీ జరిపాడు.

"రా అక్కా. టీ చెప్పనా?"

"ముందు చోటు చూపించు తమ్ముడూ. టీ తరవాత."

డ్రమ్ము గదిలో వేడి ఇంకా ఉంది. మనిషి పడ్డచోట నేల కడిగేశారు. కిటికీలన్నిటికీ దూది పీచు బయటికి పోకుండా సన్నటి ఇనప వల బిగించి ఉంది. ఆవిడ ఒక్కొక్క వలనీ వేలితో నొక్కి చూసింది. మేకులన్నీ తుప్పుపట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా కదిలిన జాడ లేదు. పిడి బయటికి పోవాలంటే రెండే దారులు, వెనక గుమ్మం, ముందు గుమ్మం. బెల్లు కొట్టింది అయిదింటికి. బాయిలరు మనిషి శవాన్ని చూసింది అయిదున్నరకి. అతను ఆ రాత్రంతా పోలీసులతోనే ఉన్నాడు, గడప దాటలేదు.

వెనక గుమ్మం తనిఖీ మాట ఎత్తేసరికి ఇన్‌స్పెక్టరు మొహంలో రంగు మారింది. యజమాని నీళ్ళు నమిలి, అదంతా సరుకు జాగ్రత్త కోసమేనన్నాడు. తనిఖీ చేసే మనిషిని పిలిపించారు. అందరూ ఆవిడని తనిఖీ అత్త అంటారు. ఊరిమనిషే. చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, మొన్న కూడా ఆడవాళ్ళందరినీ చూశానని, మగవాళ్ళని అవతలి గదిలో చూశారని, మడతల పిల్ల జడ కూడా విప్పించానని, దువ్వెన తప్ప ఏమీ లేదని చెప్పింది.

ఇన్‌స్పెక్టరు కాసేపు మీసం నలుపుకున్నాడు. అయితే ఇంకో ఏటవతలివాడెవడో పట్టుకుపోయి ఉంటాడన్నాడు.

"వాళ్ళందరినీ చూశారని ఇప్పుడేగా విన్నావు."

"అక్కా, నువ్వెన్నయినా చెప్పు. నా స్టేషన్లో పదిమంది దొంగలు పట్టుబడితే ఏడుగురు వాళ్ళే. ఆ లెక్కలు నేను పుట్టించానా?"

"నువ్వే పుట్టించావు. ఈ లాండ్రీలో ఇన్నేళ్ళుగా దొరికిన దొంగలందరూ ఏటవతలివాళ్ళే. ఎందుకంటే విప్పి చూసేది వాళ్ళని ఒక్కళ్ళనే. ఆ అద్దాల తలుపు దగ్గర నెల్లాళ్ళు నించుని ప్రతి సంచీ తెరిచి చూడు. అప్పుడు చెప్పు నాకు లెక్కలు."

అతను చిన్నబుచ్చుకున్నాడు. బెల్లు తరవాత ముందు గుమ్మంలోంచి వెళ్ళింది ఒక్కరేనని, అది యజమానిగారి అక్క పెద్దమ్మగారని, ఆవిడ సంచీ వెతకమంటావా అని వెటకారంగా అడిగాడు. ఆ రోజు యజమాని వేరే ఊళ్ళో ఉన్నాడు. ఊరివాళ్ళలో గుమాస్తాలు మధ్యాహ్నమే వెళ్ళిపోయారు, తనిఖీ చేసేవాళ్ళు పోలీసులొచ్చేదాకా వెనక గుమ్మం దగ్గరే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు తమాషాకి అన్నాడు గానీ జిడ్డు మేడమ్ నవ్వలేదు.

ఆవిడ ఒక్కతే తనిఖీ గదిలోకి వెళ్ళింది. ఇద్దరు మనుషులు ఇరుక్కుని నిలబడేంత గది. ఒక మేకు, ఒక చెక్క పెట్టె, పైన పచ్చని బల్బు. మూడు వైపులా ఇటుక గోడ. నాలుగోవైపు చెక్క పలక. ఆవిడ తన జడ విప్పుకుని, ఆడపిల్లలు నిలబడేచోట నిలబడి, పలక వంక చూసింది. గుండె ఎత్తున చిటికెన వేలు పట్టేంత చిల్లు ఉంది. అవతలనుంచి ఏదో కాగితం అంటించి మూసేశారు.

పలకకి అవతల గది మేనేజరు సామాను గది. తాళం తీయించింది. సబ్బుపొడి బస్తాల వెనక, చిల్లుకి సరిగ్గా ఎదురుగా, ఒక పొట్టి స్టూలు వేసి ఉంది. దానిమీద పాత తువ్వాలు మెత్తగా మడిచి పరిచారు. చాలాకాలంగా, సుఖంగా, తీరిగ్గా కూర్చున్న చోటు.  జిడ్డు మేడమ్ కొలువులో ఎన్నో శవాల్ని చూసింది గానీ ఆ మడిచిన తువ్వాలుని చూసినంత అసహ్యం ఆవిడకెప్పుడూ కలగలేదు.

చిల్లు మీద అంటించింది పార్శిళ్ళకి వేసే గోధుమరంగు టేపు. మూడు వరసలు, ఒకదానిమీద ఒకటి, అంచులు కలిసేలా శ్రద్ధగా. చుట్టూ పలక నిండా దుమ్ము ఉంది. టేపు మీద లేదు. అంటే మొన్నో నిన్నో అంటించారు. సామాను గదిలో ఎక్కడా టేపు చుట్ట కనబడలేదు.

తనిఖీ అత్త గుమ్మంలో తలొంచుకుని నిలబడింది. చిల్లు సంగతి నీకు తెలుసా అంటే, తెలుసని తల ఊపింది. ఆ పిల్లలకీ తెలుసట. అందుకే ఎవరికి వాళ్ళు పలక వైపు వీపు పెట్టి నించుంటారట. ఎవరికి చెప్పాలమ్మా అని అడిగింది. టేపు ఎక్కడుంటుందని అడిగితే, ముందు ఆఫీసులో, పెద్దమ్మగారి బల్ల మీద అంది.

*

పెద్దమ్మగారు బల్ల దగ్గర కూర్చుని పార్శిళ్ళకి చీటీలు అంటిస్తోంది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికొచ్చి, తమ్ముడి పేర ఈ లాండ్రీ నిలబెట్టిందని ఊరంతా చెప్పుకుంటారు. బళ్ళకీ ఆసుపత్రులకీ చేసిన దానాల వల్ల ఆవిడ పేరంటే ఊళ్ళో చేతులు జోడిస్తారు. గడప దాటితే కారు, కారు దిగితే ఈ గది. జిడ్డు మేడమ్ టేపు చుట్టని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఏమీ అడగక్కర్లేకపోయింది.

"నేనే కొట్టానండీ," అంది పెద్దమ్మగారు. "ఇన్‌స్పెక్టరుగారికి రెండుసార్లు చెప్పాను. మొదటిసారి మంచినీళ్ళు తెప్పించారు. రెండోసారి తమ్ముడికి ఫోను చేశారు."

ముప్పై ఏళ్ళుగా జనం చేత నిజం చెప్పించడానికి నానా తంటాలూ పడిన జిడ్డు మేడమ్‌కి, అడక్కుండానే చేతికొచ్చిన ఈ నిజాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు. తలుపు మూసి వచ్చి కూర్చుంది.

పెద్దమ్మగారు దాచకుండా చెప్పింది. మేనేజరు తనని పెళ్ళి చేసుకుంటానన్నాడు. రెండేళ్ళుగా అంటున్నాడు. తమ్ముడు ఒప్పుకోడని, మంచి సమయం చూసి చెబుదామని నాన్చుతున్నాడు. మొన్న బెల్లయ్యాక అతన్ని వెతుక్కుంటూ సామాను గదికి వెళ్తే, స్టూలు మీద కూర్చుని పలకకి కన్ను ఆనించి ఉన్నాడు. తను చూసేసిందని తెలిసి కూడా అతను కంగారుపడలేదు. నవ్వాడు. తను వెనుదిరిగి డ్రమ్ము గదిలోకి వచ్చేస్తే, బతిమాలడానికి వెంట వచ్చాడు.

"ఏమన్నాడు?"

"వాళ్ళేగా, నీకెందుకంత కోపం అన్నాడు. నిన్ను చూశానా అన్నాడు." ఆవిడ చీటీ ఒకటి తీసి అంచులు సరిచేసింది. "ఆ వాళ్ళలో నేనూ ఒకదాన్నని అప్పుడే అర్థమైందండీ. కాకపోతే నన్ను చూడ్డానికి చిల్లు అక్కర్లేదు, అంతే తేడా."

పిడి డ్రమ్ముకే ఉంది. తువ్వాలుతో పట్టుకుని లాగింది. అక్కడ ఏది పట్టుకున్నా చెయ్యి కాలుతుందని గుడ్డతోనే పట్టుకోవడం తనకి అలవాటు. ఆ పిల్లలకి అరచేతులు కాయలు కాసిపోయి గుడ్డతో పనే లేదు. అందుకే దానిమీద మడతల పిల్ల వేళ్ళు నిలిచాయి గానీ పెద్దమ్మగారి వేళ్ళు పడలేదు. అతను పడిపోయాక ముందుగా వెళ్ళి చిల్లు మూసిందట. అప్పటికింకా లైనులో ఆడపిల్లలు మిగిలే ఉన్నారట. ఆ తరవాతే పిడిని తువ్వాలులో చుట్టి చేతిసంచీలో పెట్టుకుని, అద్దాల తలుపులోంచి, గేటు మనిషి నమస్కారం అందుకుని మరీ కారెక్కింది. కాలవ మలుపులో డ్రైవరుని ఆపమని, వాంతి వస్తోందని చెప్పి దిగింది.

"ఆ తువ్వాలు?"

"పొద్దున్నే ఆసుపత్రి బట్టల్లో వేసేశాను. రక్తం మరకలు పోగొట్టడమే కదండీ మా పని."

అయితే అసలు ఆధారం సబ్బునీళ్ళలో కలిసిపోయింది. ఇక నాలుగింటిలోగా చూపగలిగేవి ఈవిడ మాట, తనిఖీ అత్త మాట. ఇన్‌స్పెక్టరుకి ఎందుకు కొట్టారో కూడా చెప్పారా అని జిడ్డు మేడమ్ అడిగింది. పెద్దమ్మగారు తల అడ్డంగా ఊపింది. ఆ మాట చెబితే తమ్ముడు గడప ఎక్కనివ్వడు, కన్నతల్లి మొహం చూడదు.

"మీకో సంగతి చెప్పనా?" అంది జిడ్డు మేడమ్. "మీరు మంచి ఆడవాళ్ళయి ఉన్నంతసేపూ, వందమంది చూస్తుండగా చంపినా మీరు హంతకులు కారు. వాడితో మీకు రెండేళ్ళ సంబంధం ఉందని చెప్పండి. మరుక్షణం నమ్ముతారు. నమ్మడమే కాదు, మగాడికి వేసే శిక్షకి ఇంకో నాలుగు కలిపి వేస్తారు. నేను చూశాను. ఆడదాన్ని వదిలిపెడితే మంచిదని వదిలిపెడతాం. పట్టుకుంటే చెడ్డదని పట్టుకుంటాం. చేసిందేమిటని చూసేవాడే లేడు."

పెద్దమ్మగారు చీటీల కట్టని పక్కకి జరిపింది. ఆ పిల్లకి బిడ్డ ఎన్ని నెలలని అడిగింది. చెప్పగానే కళ్ళు మూసుకుంది. తరవాత లేచి చీర సవరించుకుని, నాలుగింటికి కోర్టుకి వచ్చి జడ్జిగారి ముందే అంతా చెబుతానంది. ఈలోగా ఇంటికెళ్ళి అమ్మకి తనే చెప్పాలి, వేరేవాళ్ళ నోటివెంట అమ్మ ఆ మాట వినకూడదంది.

ఇప్పుడే నాతో బయల్దేరండి అనాల్సింది జిడ్డు మేడమ్. అనలేదు. తల్లి మాట వచ్చేసరికి ఆవిడ మనసు మెత్తబడింది. ఆ రోజు ఆవిడ చేసిన మొదటి తప్పు అది.

రెండో తప్పు స్టేషనుకి వెళ్ళి ఇన్‌స్పెక్టరుకి చెప్పడం. తనిఖీ అత్త వాంగ్మూలం రాయించుకోమనీ, కోర్టుకి పెద్దమ్మగారు వస్తున్నారనీ, ఈసారి కారణంతో సహా చెబుతారనీ అంది. అతను చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. ఆవిడ అలాంటిది కాదక్కా అన్నాడు.

"ఎలాంటిది కాదు?"

"మా అమ్మలాంటిదక్కా ఆవిడ. మా చెల్లి ఫీజు కట్టింది. ఆవిడకి మనసు బాగాలేదు. శవాన్ని చూసి బెదిరిపోయింది పాపం."

"మడతల పిల్ల నేను చెయ్యలేదంటే అబద్ధం. ఆవిడ నేను చేశానంటే పిచ్చి. ఆడవాళ్ళ నోట్లోంచి ఏ మాటొస్తే నమ్ముతావు తమ్ముడూ?"

అతనికి నిజంగానే కష్టంగా ఉందని మొహమే చెబుతోంది. సరే, నాలుగింటికి చూద్దాం అంటూ ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు. పై అధికారికి చేస్తున్నాడని ఆవిడ అనుకుంది.

*

కోర్టులో నాలుగు దాటింది. పెద్దమ్మగారి కారు రాలేదు.

యజమాని వచ్చాడు. వెంట ఒక డాక్టరు. అక్కకి ఆరు నెలలుగా మతి స్థిమితం తప్పుతోందని, మేనేజరు చావుతో మరీ ఎక్కువైందని, మధ్యాహ్నం ఇంజెక్షను ఇచ్చి నర్సింగ్‌హోములో చేర్చామని, ఇక ఎవరినీ కలవనివ్వకూడదని ఆ డాక్టరు జడ్జికి వినయంగా చెప్పాడు. జడ్జి అయ్యో అన్నాడు. తల్లికి చెప్పడానికి ఇంటికెళ్ళిన మనిషిని గుమ్మంలోనే పట్టుకున్నారన్నమాట. తరవాత తనిఖీ అత్త బోనెక్కింది. మొన్న తలనొప్పిగా ఉండి ఎవరినీ వెతకలేదని, అందరినీ అలాగే వదిలేశానని, నేల చూస్తూ చెప్పి దిగిపోయింది. దిగేటప్పుడు జిడ్డు మేడమ్ పక్కనుంచే వెళ్ళింది గానీ తలెత్తలేదు. ఆవిడకీ ఇల్లుంది, పొయ్యిలో పిల్లి లేవాలి. కోపగించుకోవడానికి కూడా జిడ్డు మేడమ్‌కి ఓపిక మిగల్లేదు.

అయినా పట్టు వదల్లేదు. కారు డ్రైవరున్నాడు, కాలవ మలుపులో ఎందుకు ఆపాడో అడగాలి. సామాను గదిలో టేపుంది, దానిమీద పెద్దమ్మగారి వేళ్ళుంటాయి. రెండు రోజులు గడువు అడగమని లాయరు చెవిలో వేసింది. లాయరు లేచి గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు పక్క గదిలోంచి మడతల పిల్లని తెచ్చారు. వెనకాలే ఇన్‌స్పెక్టరు, శిశు సంక్షేమం అధికారిణి వచ్చారు. అంతసేపూ వాళ్ళు ముగ్గురూ ఆ గదిలోనే ఉన్నారని జిడ్డు మేడమ్‌కి అప్పుడే తెలిసింది. ఆ పిల్ల మొహం కడిగించారు. ఇంట్లోంచి వేరే చీర తెప్పించి కట్టించారు. రెండు రోజుల్లో మొదటిసారి ఆమె ఏడుస్తోంది.

లాయరు నోరు తెరవకముందే ఆమె చేతులు జోడించి చెప్పేసింది. మేనేజరుతో గొడవై కోపంలో పిడితో కొట్టానంది. దాన్ని చీరలో దాచుకుపోయి పొదల్లో పారేశానంది. క్షమించమంది. అప్పజెప్పిన పాఠంలా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. జడ్జి కళ్ళద్దాలు సవరించుకుని గబగబా రాసుకున్నాడు. ఎందుకు, ఎలా, ఎవరైనా చెప్పించారా అని ఒక్క ముక్క అడగలేదు. పెద్దమ్మగారు రెండుసార్లు చెప్పినా కాగితం ఎక్కని నేరం, ఈ పిల్ల నోటివెంట ఒక్కసారి వచ్చేసరికి సంతకాలతో సహా అయిపోయింది.

జిడ్డు మేడమ్ జనాన్ని తోసుకుంటూ బోను దగ్గరికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు అడ్డం వచ్చి, చాలా నెమ్మదిగా, ఇంటి ఆడపడుచుకి చెప్పినట్టు చెప్పాడు. నేరం ఒప్పుకున్న ఆడవాళ్ళని పంపే జైల్లో పిల్లల గది ఉంది. విచారణలో ఉన్నవాళ్ళని ఉంచేచోట లేదు. ఒప్పుకుంటే బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. ఒప్పుకోకపోతే కేసు తేలేసరికి ఏళ్ళు పడుతుంది, బిడ్డ ఎవరికో పెంపకానికి పోతుంది. అధికారిణిని తనే బతిమాలి ఒప్పించాడట.

"ఆ పిల్ల మంచికే చేశానక్కా," అన్నాడు. అతను అబద్ధమాడటం లేదు. అదే ఆవిడని భయపెట్టింది. వెనక గుమ్మం దగ్గర జుట్టు విప్పించేవాడు దుర్మార్గుడైతే పోరాడొచ్చు. జాలిపడి జైల్లో పెట్టేవాడితో ఎలా పోరాడాలి?

ఆవిడ అతన్ని పక్కకి నెట్టి కటకటాలు పట్టుకుంది. డ్రైవరున్నాడనీ, టేపుందనీ, రెండు రోజులు ఓపిక పడితే పెద్దమ్మగారిని ఎలాగైనా బయటికి తెస్తాననీ, ఇప్పటికైనా మాట వెనక్కి తీసుకోమనీ గుసగుసగా, ఊపిరాడకుండా చెప్పింది.

మడతల పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు.

"అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంక మీరేమీ కనిపెట్టకండి. నేను చెయ్యలేదని తేలితే వీళ్ళు నా బిడ్డని ఇవ్వరు."